జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు

మా నాన్నకి ఇద్దరు పిల్లలు. ఒకటి నేను, రెండోది 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని. ఇద్దరిలో ఎవరంటే ఎక్కువ ఇష్టమని అడిగే ధైర్యం నాకింతవరకూ రాలేదు :)

పోయినేడాది ఆ రెండోదానికి పూర్తి మరమ్మతు చేయించాం. విజయవాడ ఆటోనగర్లో రెండు నెలలుంది. తుప్పు పట్టిన చోటల్లా రేకు మార్పించాం, రంగు వేయించాం, సీట్లకి కొత్త రెగ్జిన్ కుట్టించాం, బంపర్లు అద్దంలా మెరిసేలా పూత పెట్టించాం. హారన్ మోత నచ్చలేదని దాన్ని కూడా రెండుసార్లు మార్పించారు నాన్న. డిక్కీలో ఏముందో మాత్రం ఎవరం చూళ్ళేదు.

బాగుచేయించాక మొదటి ప్రయాణం గుంటూరు నుంచి విజయవాడకి. కాజ టోల్‌గేటు ఇంకా రానేలేదు, వెనక ఎడమ టైరు పంచర్. స్టెప్నీ ఉంది, వీల్ స్పానర్ ఉంది. గోనెసంచిలో చుట్టి జాకీ కూడా ఉంది. కాకపోతే అది జాకీ ఆకారంలో ఉన్న తుప్పు ముద్ద. స్క్రూ తిరగదు, తిప్పే రాడ్డు అసలే లేదు.

ఒక లారీ డ్రైవరు మమ్మల్ని చూసి పక్కకి ఆపాడు. తన బాటిల్ జాకీ తెచ్చాడు. 20 టన్నులు లేపుతుందట. మా కారు మొత్తం కలిపితే 900 కిలోలు. ఇంకేం కావాలి? కానీ గాలిపోయిన టైరుతో కారు కిందకి దిగిపోయింది కదా, ఆ జాకీ యాక్సిల్ కిందకి దూరలేదు. పెళ్ళికి వంద మందికి వండే వంటవాడు దొరికాడు గానీ, మా వంటింటి గుమ్మంలో పట్టలేదన్నమాట. చివరికి ఆయనే ఒక చెక్క తెచ్చి టైరు ముందు వేశాడు. అందరం కలిసి కారుని దాని మీదకి తోశాం. రెండంగుళాలు పైకి లేచింది, జాకీ దూరింది. జాకీ తిప్పే ముందు ఆయన రోడ్డు పక్కనుంచి రెండు రాళ్ళు తెచ్చి అవతలివైపు చక్రాలకి ముందొకటి, వెనకొకటి పెట్టాడు. అప్పట్లో ఆ రాళ్ళని నేనసలు పట్టించుకోలేదు. ఆ రాళ్ళ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

సరే, కొత్త జాకీ కొందామని హైదరాబాదు వచ్చాక రాణిగంజ్ వెళ్ళాను. మూడు షాపుల్లోనూ ఒకటే ప్రశ్న: "ఎన్ని టన్నులు కావాలి సార్?" ఒక్కడంటే ఒక్కడు కూడా "ఎంత ఎత్తు?" అని అడగలేదు. అడగరు కూడా. మనం ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళని అడిగినట్టే, జాకీకి టన్నులు. పెద్ద అంకె ఉంటే మంచిదని ఇద్దరికీ నమ్మకం.

నా అభిప్రాయం ప్రకారం పాత కారుకి జాకీ చూసేటప్పుడు టన్నులు ఆఖర్న చూడాల్సిన సంగతి. ఒకవైపు రెండు చక్రాలూ ఒకేసారి లేపినా మా కారులో జాకీ మీద పడేది సుమారు సగం బరువు, అంటే 450 కిలోలు. సవ్యంగా తయారైన ఏ 2 టన్నుల జాకీ అయినా ఈ బరువు లేపుతుంది. చూడాల్సినవి వేరే మూడున్నాయి.

ఒకటి, మూసి ఉన్నప్పుడు ఎత్తు. మామూలు 2 టన్నుల బాటిల్ జాకీలు చాలావరకు మూసి ఉన్నప్పుడే 15 నుంచి 18 సెంటీమీటర్లుంటాయి. కొలవాల్సింది టైర్లన్నీ నిండుగా ఉన్నప్పుడు కాదు, గాలి పూర్తిగా తీసేసిన టైరు పక్కన. జాకీ అవసరం వచ్చేది అప్పుడే కదా.

రెండోది, ఎంత పైకి లేపుతుంది. పద్మినికి వెనక కమాన్ పట్టీలు. బాడీ దగ్గర పట్టుకుని లేపితే ముందు ఆ కమాన్లు సాగుతాయి. బాడీ పైకి పోతూనే ఉంటుంది, చక్రం మాత్రం నేలని వదలదు. అదే యాక్సిల్ కింద పెడితే చక్రం త్వరగా లేస్తుంది, కానీ అక్కడ చోటు తక్కువ. అందుకని ఎక్కడ పెట్టి లేపుతామో తేల్చుకోకుండా జాకీ కొంటే డబ్బు దండగ.

మూడోది, జాకీ తల ఆకారం. ఇప్పటి కార్లతో వచ్చే కత్తెర జాకీల తల మీద ఒక గాడి ఉంటుంది. కారు అంచున రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన అతుకు ఆ గాడిలో కూర్చోవాలి. ఆ చోటులో రేకుని గట్టిపరిచి ఉంచుతారు. పద్మిని సంగతి వేరు. ఇటలీలో 1962లో వచ్చిన ఫియట్ 1100 డి నుంచి పుట్టిన బండి ఇది. జీపులాగా కింద వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. మా కారుకి ఒక్కోవైపు మధ్యలో, కింద ఒక జాకీ గూడు ఉంది. జాకీ చెయ్యి అందులో దూర్చి స్క్రూ తిప్పితే ఆ వైపు మొత్తం లేస్తుంది. ఆ గూడు వదిలేసి అంచున ఎక్కడబడితే అక్కడ కత్తెర జాకీ పెడితే కారు లేవదు, రేకు లోపలికి పోతుంది. రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉండగా ఈ గొడవంతా ఎందుకని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజమే, వాళ్ళొస్తారు. కానీ వచ్చిన కుర్రాడు పుట్టేసరికే పద్మిని తయారీ ఆగిపోయి ఉంటుంది. వాడికి ఆ గూడు ఎక్కడుందో చెప్పాల్సింది మళ్ళీ మనమే.

ఇక అసలు జాకీనే పాతది దొరుకుతుందేమోనని ఒక గురువారం జుమ్మేరాత్ బజార్ కూడా తిరిగాను. పద్మిని తయారీ 2001 నాటికే ఆగిపోయింది. ముంబయి టాక్సీల పుణ్యమాని చాలాకాలం పాత సామాను దొరికేది, 2023 అక్టోబరుతో ఆ టాక్సీలూ పోయాయి. నాకు అక్కడ నాలుగు పాత జాకీలు కనిపించాయి. నాలుగిట్లో ఒకదాని చెయ్యి వంగింది, ఇంకోదాని చేతికి వెల్డింగ్ మచ్చ ఉంది. మిగతా రెండూ ఏ బండివో అమ్మేవాడికే తెలీదు. "అన్నిటికీ పడుతుంది భయ్యా" అన్నాడు. అన్నిటికీ పట్టే జాకీ అంటే దేనికీ సరిగ్గా పట్టనిదని అప్పటికే నాకు బోధపడింది కాబట్టి ఖాళీ చేతుల్తో వచ్చేశాను.

అప్పుడు మా తుప్పు ముద్ద మీద మళ్ళీ దృష్టి పడింది.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. నేను చదివింది మెకానికల్. మొదటి సంవత్సరం లాబ్‌లో స్క్రూ జాక్ ప్రయోగం ఉండేది. రీడింగులు ముందు బ్యాచ్ వాళ్ళ రికార్డులోంచి దించి, ఎఫిషియెన్సీ 30 శాతం చుట్టుపక్కల వచ్చేట్టు సర్దేసి, సంతకం పెట్టించుకున్నాను. ఇంత పనికిమాలిన మిషన్ మీద ఒక ప్రయోగమేంటి అనుకున్నాను కూడా. మనం పెట్టిన శక్తిలో మూడొంతుల్లో రెండొంతులు రాపిడికే పోతే అదేం మిషను?

ఆ పోవడంలోనే ప్రాణం ఉందని పదేళ్ళ తర్వాత, జీతం కోసం జావా రాస్తూ తెలుసుకున్నాను. లెక్క చాలా చిన్నది. స్క్రూ సగటు వ్యాసం 18 మిల్లీమీటర్లు, మరకి మరకి మధ్య 4 మిల్లీమీటర్లు అనుకోండి. మర ఎక్కే వాలు సుమారు 4 డిగ్రీలు. ఇనుము మీద రాపిడి గుణకం 0.15 అనుకుంటే, జారడం మొదలవ్వాలంటే వాలు ఎనిమిదిన్నర డిగ్రీలు దాటాలి. 4 ఎక్కడ, ఎనిమిదిన్నర ఎక్కడ! అందుకే చెయ్యి తీసేసినా బరువు దానంతటది స్క్రూని వెనక్కి తిప్పుకుని దిగదు. దీన్నే సెల్ఫ్ లాకింగ్ అంటారు. ఈ లెక్కలో ఎఫిషియెన్సీ 32 శాతం వస్తుంది. ఇలా తనంతట తాను ఆగే స్క్రూల ఎఫిషియెన్సీ 50 శాతం దాటదు. దాటిందంటే అది ఆగే స్క్రూ కాదు, జారే స్క్రూ. ఎఫిషియెన్సీ పెంచడమే జీవిత ధ్యేయంగా బతికే మనలాంటి వాళ్ళకి ఇదో చిన్న మొట్టికాయ.

బాటిల్ జాకీ అలా కాదు. దానిలో బరువుని పట్టుకునేది నూనె, ఒక చిన్న బంతి వాల్వు, రబ్బరు సీళ్ళు. సీలు అరిగితే అది మెల్లగా దిగిపోతుంది, ఒక్కోసారి మనకి తెలీకుండానే. మన దగ్గర ఉన్న బాటిల్ జాకీ కాస్త లేచి ఆగిపోతుంటే వెంటనే పారేయక్కర్లేదు. ముందు జాకీని పూర్తిగా దించి నూనె చూడాలి. పైకి లేపి నింపితే దించేటప్పుడు పొంగిపోతుంది. తర్వాత దించే వాల్వు తెరిచి పది పదిహేనుసార్లు పంపు కొడితే లోపలున్న గాలి పోతుంది. పోయాల్సింది హైడ్రాలిక్ జాకీ ఆయిలే. ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. ఇంత చేసినా దిగుతోందంటే సీళ్ళ కిట్టు మార్చాలి, లేదా వదిలేయాలి.

మా స్క్రూ జాకీని కిరసనాయిల్లో మూడు రోజులు నానబెట్టి ఆటోనగర్లో ఒక లేత్ షాపుకి పట్టుకెళ్ళాను. అక్కడి పెద్దాయన దాన్ని అటూ ఇటూ ఊపి చూశారు. "స్క్రూకేం కాలేదు బాబూ, నట్టు తినేసింది. తినాలనే నట్టు మెత్తటి లోహంతో చేస్తారు" అన్నారు. ఖరీదైన స్క్రూ అరక్కుండా, చవకైన నట్టు అరిగేట్టు చేయడం! ఇలాంటి డిజైను చేసినవాడికి ఒక దణ్ణం పెట్టాలి. ఆయన గన్ మెటల్ దిమ్మ తీసుకుని అదే మర కోసి కొత్త నట్టు చేశారు. "చెయ్యి వంగి ఉంటే మాత్రం నేను ముట్టుకునేవాణ్ణి కాదు. వేడి చేసి సాగదీస్తే చూడ్డానికి బాగుంటుంది, బరువు మీద పడ్డాక ఏం చేస్తుందో నాకే తెలీదు" అన్నారు. అదృష్టం కొద్దీ మా చెయ్యి వంగలేదు. కారు కింద గూడు చుట్టూ మాత్రం రేకు తుప్పుతో పలచబడి ఉంది. దాన్ని కోసేసి మందం రేకు వేయించాం.

గ్రీజు పెట్టి తిప్పితే జాకీ వెన్నలా తిరిగింది. గ్రీజు పెడితే రాపిడి తగ్గి జారిపోదా అని మీకు అనుమానం రావచ్చు. గుణకం 0.1కి తగ్గినా 5.7 డిగ్రీల దాకా ఆగుతుంది, మన వాలు 4 కదా. ఈ లెక్క నాన్నకి కూడా చెప్పాను. ఎంత గర్వంగా చెప్పానో తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. "దానంతటది దిగే ప్రసక్తే లేదు నాన్నా" అన్నాను. ఈ మాటే అన్నాను.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం. మా ఇంటి గేటు దగ్గర కొంచెం వాలు ఉంటుంది. నాన్న అక్కడే కారుని లేపి, వెనక చక్రం విప్పి, ఏదో మోత వస్తోందని సైలెన్సర్ క్లాంపు చూడ్డానికి భుజాల దాకా కారు కిందకి దూరారు. నేను వరండాలో కాఫీ తాగుతూ ఫోన్ చూసుకుంటున్నాను. లోపల్నుంచి అమ్మ "ఏమండీ, మీ తమ్ముడి ఫోను" అని పిలిచింది. నాన్న బయటికొచ్చి, లేస్తూ ఆసరాకి డిక్కీ మీద చెయ్యి ఆనించారు. అంతే. కారు నాలుగంగుళాలు కదిలింది, జాకీ పక్కకి ఒరిగింది, చక్రం లేని బ్రేక్ డ్రమ్ము ధనామని సిమెంటు మీద పడింది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

కాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు. తర్వాత నాన్న "ఒరేయ్, దిగదన్నావుగా" అన్నారు. కోపంగా కూడా కాదు. అది ఇంకా బాధ.

జాకీ దిగలేదు. నిజానికి తీసి చూస్తే స్క్రూ ఎక్కడుందో అక్కడే ఉంది. నా లెక్క నూటికి నూరుపాళ్ళూ కరెక్టు. కానీ నేను లెక్కేసింది పడిపోవడానికున్న దారుల్లో ఒక్కదాన్ని. కారు కిందకి దిగలేదు, పక్కకి దొర్లింది.

హ్యాండ్ బ్రేక్ వేసే ఉంది. ఫస్ట్ గేర్లో కూడా ఉంది. మరెలా కదిలిందని రాత్రంతా ఆలోచించాను. పద్మినిలో ఇంజను తిప్పేది వెనక చక్రాల్ని. ఒక వెనక చక్రం గాల్లో ఉంటే గేరు కారుని ఆపలేదు. డిఫరెన్షియల్ పనే అది: నేల మీదున్న చక్రం ఒకవైపు తిరిగితే గాల్లో ఉన్నది ఎదురు తిరుగుతుంది, మధ్యలో ఇంజను హాయిగా కదలకుండా ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ కూడా వెనక చక్రాలకే. ఒకవైపు గాల్లో ఉంటే మిగిలింది ఒక్క డ్రమ్ము. దాని కేబుల్ ఏమో సాగిపోయి ఉంది. అంటే ఆ ఉదయం 900 కిలోల కారుని ఆ వాలు మీద ఆపి ఉంచింది దాదాపుగా ఏమీ లేదు. కాజ దగ్గర ఆ డ్రైవరు పెట్టిన రెండు రాళ్ళు అప్పుడు గుర్తొచ్చాయి. ఆయన ఏ లాబ్‌లోనూ రికార్డు రాసుండడు. కానీ బండి ఎన్ని రకాలుగా కదులుతుందో ఆయనకి తెలుసు. నాకు ఒక్క రకమే తెలుసు.

మన ఉద్యోగాల్లో ఇది రోజూ జరిగేదే. ఒక బగ్ పట్టుకుని, దాన్ని అందంగా సరిచేసి, టెస్టు కూడా రాసి, ఇక సిస్టమ్ భద్రం అని ప్రకటిస్తాం. సరిచేసింది నట్టుని. కూలిపోయేది వాలు వల్ల. మనకేం, ఏ అర్ధరాత్రో కాల్ వస్తుంది, రోల్‌బ్యాక్ చేస్తాం. ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు.

అందుకని నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. జాకీ ఎంత మంచిదైనా, పాతదైనా, కొత్తదైనా, స్క్రూ అయినా, హైడ్రాలిక్ అయినా దాని పని చక్రం మార్చేంతసేపు కారుని లేపడం. మనిషి కిందకి వెళ్ళాలంటే కారుని మోయాల్సింది స్టాండ్లు. ఇందులో బేరాల్లేవు. "ఒక్క నిమిషమే కదా" అనేది కూడా బేరమే. ఇటుకలు స్టాండ్లు కావు, సిమెంటు ఇటుక పగిలేముందు మనకి చెప్పదు. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. చక్రం నట్లు కారు నేల మీదుండగానే వదులు చేయాలి, పైకి లేపాక స్పానర్ మీద ఊగకూడదు. అవతలివైపు చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టాలి. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెడితే, ఒకవేళ పడినా దాని మీద పడుతుంది. ఇంట్లో పనికైతే ఒక ట్రాలీ జాకీ కొనుక్కోవడం మంచిది, వెనక యాక్సిల్ కిందా, ముందు క్రాస్‌మెంబర్ కిందా పెట్టడానికి వీలు. ఇంజను చాంబర్ కింద మాత్రం పెట్టొద్దు.

ఇవన్నీ కలిపితే మేం ఆ హారన్లకి పెట్టిన ఖర్చుకి కాస్త అటూ ఇటూ అయ్యింది. పాత కార్లంటే ప్రాణమిచ్చే వాళ్ళం, ఆ ప్రాణాన్ని నిజంగానే ఇచ్చేయకుండా ఉండటానికి ఈమాత్రం ఖర్చు పెట్టలేమా?

నాన్నకి చెప్పడం తేలికేం కాలేదు. "నలభై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాను, ఏమైంది?" అన్నారు. ఏమీ కాలేదు, నిజమే. ఆ ఆదివారం కూడా ఏమీ కాలేదు, బాబాయ్ సరిగ్గా ఆ నిమిషానికే ఫోన్ చేశాడు కాబట్టి. ఈ మాట నేను పైకి అనలేదు. ఆయన కాసేపు డ్రమ్ము పడిన చోట సిమెంటు మీది గుంట చూసి, "ఆ స్టాండ్లేవో ఎక్కడ దొరుకుతాయి?" అన్నారు.

ఇప్పుడు మా పద్మిని డిక్కీలో బాగుచేసిన ఆ పాత జాకీ, దాని రాడ్డు, ఒక మందం చెక్క, తాడు కట్టిన రెండు చెక్క దిమ్మలు ఉంటాయి. స్టాండ్లు ఇంట్లో. దిమ్మల్ని నాన్నే చేయించారు, మా ఇంటి పాత తలుపు చట్రం కోయించి. ఎవరైనా కారు చూడ్డానికొస్తే రంగు చూపించాక డిక్కీ తీసి అవి కూడా చూపిస్తున్నారు.

మీ ఇంట్లో పాత బండి ఉందా? పాతదే అక్కర్లేదు, ఏ బండైనా సరే. ఈ ఆదివారం ఒకసారి డిక్కీ తెరిచి, జాకీ బయటికి తీసి, చదును నేల మీద చక్రాలకి అడ్డు పెట్టి, ఒక చక్రాన్ని నాలుగంగుళాలు లేపి దించి చూడండి. పావుగంట పని. లేవకపోతే సంతోషించండి, ఇంటి దగ్గరే తెలిసింది. లేచిందా, మంచిదే, కానీ దాని కింద మాత్రం దూరకండి.